తరిగిన మత్స్యసంపద

కెనడా దేశమునకు తూర్పున, అట్లాంటిక్ మహాసముద్రమున న్యూఫౌండ్‌లాండ్ అను పెద్ద ద్వీపము కలదు. దానికి ఆగ్నేయమున సముద్రపు అడుగు మెరకయై, నీటిలోతు తక్కువగా నుండును. ఈ విశాలమైన మెరకలను గ్రాండ్ బ్యాంక్స్ అందురు. ఉత్తరమునుండి వచ్చు చల్లని లాబ్రడార్ ప్రవాహమును, దక్షిణమునుండి వచ్చు వెచ్చని గల్ఫ్ ప్రవాహమును ఆ ప్రాంతమున కలిసికొనును. అందువలన చేపలకు ఆహారమగు సూక్ష్మజీవులు అచ్చట సమృద్ధిగా పెరుగును. ఈ మెరకలమీదను, ద్వీపమునకు ఈశాన్యమునను కాడ్ అను చేపలు లెక్కకు మిక్కిలిగా నుండెడివి. ఈశాన్యపు మందకు ఉత్తర కాడ్ అని పేరు. 1497లో జాన్ కాబట్ అను నావికుడు ఇంగ్లండునుండి ఆ వైపునకు పోయి వచ్చెను. వల లేకున్నను, రాయి కట్టిన బుట్టను నీటిలోనికి దించి చేపలను పైకి లాగవచ్చునని ఆ యాత్రను గూర్చి జనులు చెప్పుకొనిరి.

అది మొదలు ఐరోపా జాలరులు ఏటేట అచ్చటికి వచ్చి వేట సాగించిరి. క్రమముగా తీరమున పల్లెలు వెలసెను. పల్లెవారు చిన్న పడవలలో పోయి గాలములతోను, వలలతోను చేపలను పట్టుచుండిరి. వానిని చీల్చి, ఉప్పు పట్టించి, కఱ్ఱ పందిళ్ళపై ఎండబెట్టుచుండిరి. ఆ ఎండుచేప ఓడలకెక్కి ఐరోపాకును, వెస్టిండీసు దీవులకును పోవుచుండెను. వేసవిలో చేప ఒడ్డునకు చేరువగా వచ్చినపుడే పల్లెవారికి వేట. చలికాలమున దూరపు లోతు నీటికి తరలిపోయిన చేపను వారి పడవలు అందుకొనజాలకుండెను. ఆ దూరమే చేపకు రక్షణమై యుండెను.

సముద్రమునందలి చేప తరుగనిదని పండితులును తలచిరి. 1883లో లండను నగరమున జరిగిన మత్స్య ప్రదర్శనమున టి. హెచ్. హక్స్‌లీ అను సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు, నాటి వేట పద్ధతులను బట్టి చూచినచో కాడ్ వంటి చేపల సంపద తరుగునది కాదని చెప్పెను. పెద్ద ఆడ కాడ్ ఒక్క ఋతువులో లక్షల కొలది గ్రుడ్లు పెట్టును గదా! అయితే ఆ పద్ధతులు చిరకాలము నిలువలేదు.

చేపల మందను వడ్డీకిచ్చిన సొమ్ముతో పోల్చవచ్చును. సముద్రముననున్న మంద అసలు. ఏటేట క్రొత్తగా పెరుగు చేప వడ్డీ. వడ్డీని మాత్రమే వాడుకొనువాని సొమ్ము తరతరములు నిలుచును. అసలులో చేయి పెట్టినవానికి మొదటి యేడు చేతినిండ సొమ్ము కనబడును. మరుసటి యేడు వడ్డీ తగ్గును. ఆ లోటు పూడ్చుకొనుటకు వాడు మరల అసలునే తీయును.

1950 తరువాత ఐరోపానుండి పెద్ద ట్రాలర్లు రాసాగెను. చేపను పట్టుట, కోయుట, గడ్డకట్టించి నిలువచేయుట అన్నియు ఆ ఓడలలోనే జరుగును. అవి సంచివంటి వలలను సముద్రపు అడుగున ఈడ్చుచు, రేయింబవళ్ళు, చలికాలమునందు సయితము వేటాడెను. గ్రుడ్లు పెట్టుటకు గుమిగూడిన చేపలను గూడ విడువవయ్యెను. 1968లో పట్టిన ఉత్తర కాడ్ ఎనిమిది లక్షల టన్నులకు మించెను. 1978 నాటికి అది ఒకటిన్నర లక్షల టన్నులకు లోబడెను.

కీడు కనబడుచున్నను ఓడలు ఏల ఆగలేదు? ఇట్టి ప్రశ్నకు కెనడా ఆర్థిక శాస్త్రజ్ఞుడు హెచ్. స్కాట్ గోర్డన్ 1954లోనే సమాధానము చెప్పియుండెను. ఒకచోట పది పడవలు వేటాడుచున్నవనుకొందము. ఒక్కొక్క పడవకు నూరు రూపాయల రాబడి, అరువది రూపాయల ఖర్చు. మిగులు నలుబది రూపాయలను చూచి మరికొందరు పడవలు దించుదురు. చేప పలుచబడి, ఒక్కొక్కరి రాబడి తగ్గును. రాబడియు ఖర్చును సమానమగువరకు క్రొత్త పడవలు వచ్చుచునే యుండును. తుదకు లాభమును పోవును, చేపయు పోవును. తాను విడిచిన చేపను ప్రక్కవాడు పట్టుకొనునని ఎరిగిన జాలరి దానిని విడువడు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చినదను సామెత సముద్రమునకును వర్తించును.

1977లో కెనడా తన తీరమునుండి 200 నాటికల్ మైళ్ళ వరకు సముద్రముపై అధికారము ప్రకటించి, విదేశీ ఓడలను చాలవరకు తొలగించెను. ఏటికెంత పట్టవచ్చునో నిర్ణయించి కోటాలు పెట్టెను. కాని వారి స్థానమున స్వదేశపు ట్రాలర్లు పెరిగెను. వానికి ప్రభుత్వమే ప్రోత్సాహమిచ్చెను. మంద తరిగినకొలది మిగిలిన చేపలు ఒకచోట చేరును. ట్రాలర్లు ఆ చోటును కనిపెట్టి వలలు నింపుకొనుచుండెను. ఆ నిండు వలలను కూడ లెక్కకు తీసికొనుటచే శాస్త్రజ్ఞులు మందను ఉన్నదానికంటె పెద్దదిగా అంచనా వేసిరి. ఒడ్డున వేటాడు జాలరులు మాత్రము చేప తగ్గినదనియు, చిన్నదైనదనియు మొరపెట్టుకొనిరి. ఆ మొర ఆలకింపబడలేదు.

1989లో శాస్త్రజ్ఞులు తమ అంచనా తప్పని గుర్తించి, కోటాను దాదాపు సగమునకు తగ్గింపవలెనని సూచించిరి. ఉపాధి పోవునను భయముచే ప్రభుత్వము కొద్దిగా మాత్రమే తగ్గించెను. మూడేండ్లు గడచెను. 1992 జూలై 2వ తేదీన మత్స్యశాఖా మంత్రి జాన్ క్రాస్బీ ఉత్తర కాడ్ వేటను రెండేండ్లపాటు నిషేధించుచున్నట్లు ప్రకటించెను. సుమారు 30,000 మంది పని కోల్పోయిరి. ప్రభుత్వము భృతి నిచ్చినను, అనేకులు పల్లెలు విడిచి పొట్టకూటికై దూరప్రాంతములకు తరలిరి. 1991 నుండి 2001 వరకు ఆ రాష్ట్ర జనాభా దాదాపు పదవవంతు తగ్గెను. రెండేండ్లని చెప్పిన నిషేధము 32 ఏండ్లు సాగెను. 2024లో వాణిజ్యపు వేటకు మరల అనుమతి లభించినపుడు ఆ యేటికి నిర్ణయించిన పరిమితి 18,000 టన్నులు మాత్రమే.

చేప పెరుగుటకు వ్యవధి నీయవలెనను సూత్రము బంగాళాఖాతపు తీరమునను అమలులో నున్నది. ఆంధ్రప్రదేశ్‌తో సహా తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవల వేట నిషేధము. ఆ కాలమునకై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము జాలరి కుటుంబములకు భృతి నిచ్చుచున్నది. అయితే నిషేధ దినములు మాత్రమే చాలవు. పడవల సంఖ్యకు మితియు, పిల్లచేపలు తప్పించుకొనుటకు తగిన వలకన్నును ఉండవలెను. న్యూఫౌండ్‌లాండునందు శాస్త్రజ్ఞులుండిరి, కోటాలుండెను, అధికారులుండిరి. వేటను తగ్గింపవలసిన యేటనే తగ్గించు ధైర్యము మాత్రము కొరవడెను. దాని వెలను పడవలు గల పల్లెలు చెల్లించినవి.