సెల్లారులో కారు, చేతిలో రసీదు

నరసరావుపేట



అపార్ట్‌మెంటులో బండి పెట్టుకున్నందుకు అసోసియేషన్ వేసే రుసుము వేరు, రోడ్డు మీద పోలీసు రాసే చలానా వేరు. చలానా వెనక మోటారు వాహనాల చట్టం ఉంటుంది. అసోసియేషన్ నోటీసు వెనక ఉండవలసినవి మూడు కాగితాలు: ఫ్లాటు దస్తావేజు, సంఘం బైలాస్, సర్వసభ్య సమావేశం తీర్మానం. మూడింట్లో ఎక్కడా ఆ రుసుము మాట లేకపోతే దానికి ఆధారం లేనట్టే. ఉంటే మాత్రం అది సభ్యుడు సంఘానికి పడిన బాకీ. దానికి ‘ఫైన్’ అని పేరు పెట్టినా, ఎర్ర అక్షరాలతో రాసి స్తంభానికి అంటించినా స్వభావం మారదు. గొడవకు దిగేవాడు ముందు చూడవలసిన ఈ మూడు కాగితాలను చాలామంది ప్లీడరు అడిగాక గానీ బీరువాలోంచి తీయరు.

నరసరావుపేటలో మామూలు అపార్ట్‌మెంటు అంటే నాలుగైదు అంతస్తులు, కింద స్టిల్టు. స్తంభానికీ స్తంభానికీ మధ్య పసుపు గీతలు, గోడ మీద ఫ్లాటు నంబర్లు, మూల వాచ్‌మన్ గది. పిల్లల చదువులకనో, ఆసుపత్రులు దగ్గరనో గురజాల, మాచర్ల వైపు నుంచి వచ్చి కొనుక్కున్న కుటుంబాలకు ఇప్పుడు రెండేసి బండ్లు. మిర్చి కోతలప్పుడు ఊరి నుంచి బొలెరో కూడా వచ్చి రెండు రోజులు ఉంటుంది. దాంతో సంఘం ఒక ఆదివారం పొద్దున కూర్చుని రెండో కారుకు నెలకు ఇంత, పక్కవాడి గీతలో పెడితే రోజుకు ఇంత అని రాసుకుంటుంది. ఆ పూట సమావేశానికి రానివాడే తర్వాత గట్టిగా అరుస్తాడు.

చట్టం ఎటు నిలుస్తుందన్న దగ్గర ఒక పొరపాటు ప్రచారంలో ఉంది. 2010 ఆగస్టు 31న నహల్‌చంద్ లాలూచంద్ కేసులో సుప్రీంకోర్టు, స్టిల్టు పార్కింగును బిల్డరు విడిగా అమ్ముకోవడానికి వీల్లేదని, అది ఉమ్మడి ప్రదేశంలో భాగమని చెప్పింది. అది మహారాష్ట్ర చట్టం మీద వచ్చిన తీర్పు. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం కూడా ఆరుబయటి పార్కింగును ఉమ్మడి ప్రదేశాల్లోనే చేర్చింది. ఆంధ్రప్రదేశ్‌లో అపార్ట్‌మెంట్ల ఉమ్మడి ప్రదేశాలకు 1987 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. వీటిని చూపించి ‘పార్కింగుకు డబ్బు అడగకూడదని సుప్రీంకోర్టే చెప్పింది’ అనేవాళ్లు తీర్పును తలకిందులుగా చదువుతున్నారు. ఉమ్మడిది అన్న మాట బిల్డరు చేయి కట్టేస్తుంది. అదే మాట సంఘం చేయి బలపరుస్తుంది, ఎందుకంటే ఉమ్మడి చోటును ఎవరు ఎలా వాడుకోవాలో నిర్ణయించేది సంఘమే. ఈ తీర్పు పట్టుకుని రుసుము ఎగ్గొట్టబోయినవాడికి మొదటి వాయిదాలోనే చుక్కెదురు కావచ్చు.

దండన లాంటి మొత్తాల సంగతి వేరు. గీత దాటితే రోజుకు వెయ్యి అని బైలాస్‌లో ఉన్నంత మాత్రాన వెయ్యీ వసూలు కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం ఒప్పందంలో రాసుకున్న అంకె గరిష్ఠ హద్దు మాత్రమే. దానికి లోబడి కోర్టు న్యాయమైన పరిహారం ఇప్పిస్తుంది. సుప్రీంకోర్టు 1963లో ఫతేచంద్ కేసులో చెప్పినదీ, 2015లో కైలాష్‌నాథ్ కేసులో మళ్లీ చెప్పినదీ ఈ దారిలోనే ఉన్నాయి. కాబట్టి నెలవారీ రుసుము మీద వాదన బలహీనం, దండన మీద వాదన బలం. రెండూ కలిపి ఒకే ఉత్తరంలో తిరగబడితే బలమైనది కూడా బలహీనమైన దానితో పాటు మునుగుతుంది.

ఇక అసలు లెక్క. ఉదాహరణకు రెండో కారుకు నెలకు 500 రూపాయలు అనుకుంటే, మూడేళ్లు కట్టకుండా వాదిస్తే అసలు 18,000. బైలాస్‌లో నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ ఉంటే ఒక్కో 500 మీద నెలకు పది రూపాయలు పెరుగుతూ, మూడేళ్లు తిరిగేసరికి వడ్డీ 6,300 అవుతుంది. మొత్తం 24,300. ఈ డబ్బు కోసం దావా పడితే కోర్టు ఫీజు, వకాల్తా, నోటీసు ఖర్చు, వాయిదాకొకసారి పని మానుకోవడం. గెలిచిన పక్షానికి ఖర్చులు ఇప్పించే అధికారం కోర్టుకు ఉన్నా, ప్లీడరుకు నిజంగా ఇచ్చిన ఫీజంతా చేతికి తిరిగి రావడం అరుదు. తప్పుడు దావా, వేధింపు దావా అని తేలినా సివిల్ ప్రొసీజర్ కోడ్ 35ఎ కింద ఇప్పించే పరిహారానికి హద్దు 3,000 రూపాయలే. కోర్టుకెక్కి గెలిచినవాడు ఓడినట్టు, ఓడినవాడు చచ్చినట్టు అని ఊళ్లో అనేది ఇలాంటి చిన్న దావాలను చూసే.

మూడేళ్లు దాటితే బాకీ కాలదోషం పడుతుందన్నది నిజమే. అయితే ఆ గడువు లోపల ‘బాకీ తీరుస్తాను, కొంచెం టైమివ్వండి’ అని సంతకం పెట్టి రాసిచ్చినా, సంతకంతో కొంత భాగం చెల్లించినా లిమిటేషన్ చట్టం ప్రకారం అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. మర్యాదకు రాసిన ఒక్క వాక్యం పాత బాకీకి కొత్త ఊపిరి పోస్తుంది.

డబ్బు ఎక్కువగా పోయేది రసీదు దగ్గర. యజమాని నెల మెయింటెనెన్స్ 1,500 ఫోన్‌పేలో పంపుతాడు, ఏమీ రాయడు. ట్రెజరరు పుస్తకంలో అందులోంచి 500 పార్కింగు కింద జమ వేసి, మెయింటెనెన్స్ 500 తక్కువ వచ్చిందని రాస్తాడు. ఏడాది గడిచేసరికి పార్కింగు తీరిపోయినట్టు, మెయింటెనెన్స్ 6,000 ఎగ్గొట్టినట్టు ఆ యజమాని పేరు బోర్డు మీద ఉంటుంది. ఇది మోసమని అరిచినా ప్రయోజనం తక్కువ. కాంట్రాక్టు చట్టం 59వ సెక్షను ప్రకారం ఏ బాకీ కింద ఇస్తున్నదీ చెప్పి ఇస్తే, పుచ్చుకున్నవాడు దాని కిందే జమ కట్టాలి. చెప్పకపోతే 60వ సెక్షను ప్రకారం ఎందులో వేసుకోవాలన్నది పుచ్చుకున్నవాడి ఇష్టం. ‘జూన్ మెయింటెనెన్స్ మాత్రమే’ అన్న మూడు ముక్కలు పేమెంటు మెసేజిలో టైపు చేయడానికి పది సెకన్లు పడుతుంది. మెయింటెనెన్స్ ఆపనివాడి వాదన శుభ్రంగా నిలుస్తుంది. లిఫ్టు వాడుకుంటూ డబ్బు ఎగ్గొట్టాడన్న నింద రాదు.

కట్టి వాదించే పద్ధతి కూడా ఉంది. వడ్డీ పెరుగుతున్నప్పుడు అదే చవక. ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను, తిరిగి కోరే హక్కు వదులుకోవడం లేదు’ అని స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి, అందినట్టు రుజువు దాచుకుని డబ్బు కట్టడం. పొరపాటు వల్లగానీ బలవంతం మీదగానీ చెల్లించిన సొమ్ము తిరిగి ఇవ్వాలని కాంట్రాక్టు చట్టం 72వ సెక్షను అంటుంది. నోరు మెదపకుండా రెండేళ్లు కట్టి, మూడో ఏడు అన్యాయమని లేచినవాడికి ఈ దారి ఇరుకు.

అద్దెకున్నవాడి నష్టం మరోలా వస్తుంది. అతను సంఘంలో సభ్యుడు కాడు, సంఘం అడిగేది యజమానిని. యజమాని అప్పటికి కట్టేసి, ఖాళీ చేసే రోజు అడ్వాన్సులోంచి కోసుకుంటాడు. అద్దె ఒప్పందంలో ‘మెయింటెనెన్స్, ఇతర చార్జీలు అద్దెదారువే’ అని ఉంటే అడగడానికి నోరుండదు. ఇంట్లో దిగే ముందే ‘ఒక కారు, ఒక స్కూటరు చోటు అద్దెలో కలిసినదే’ అని ఒప్పందంలో రాయించుకోవడానికి ఖర్చేమీ కాదు.

సంఘం సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద నమోదైతే, 23వ సెక్షను సభ్యుడికి రెండు తలుపులు తెరుస్తుంది: మధ్యవర్తిత్వం, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు. ఐదు వందల తగువుకు రెండూ భారమే. వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వెళ్లాలి. అది బిల్డరు పార్కింగు ఇస్తానని ఇవ్వని కేసుకు కుదిరినంత చక్కగా సంఘంతో తగువుకు కుదరదు. పైగా కమిషన్ విచారణకు గుంటూరు వెళ్లాలంటే మాచర్ల నుంచి నూరు కిలోమీటర్లు దాటిన దారి, పోను రాను ఒక రోజు. రెరా కూడా ప్రధానంగా బిల్డరుకూ కొన్నవాళ్లకూ మధ్య వ్యవహారాలకు ఏర్పడినదే. అన్నింటిలో చవకైనది లోక్ అదాలత్. కోర్టుకు వెళ్లకముందే న్యాయ సేవా కమిటీలో అర్జీ ఇవ్వవచ్చు, ఫీజు ఉండదు. కోర్టులో ఉన్న దావా అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. కానీ అక్కడ ఒప్పుకున్న అంకె డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. తొందరలో పెట్టిన సంతకం అక్కడా ఖరీదైనదే.

తాళాల వ్యవహారం రుసుమును క్రిమినల్ కేసుగా మారుస్తుంది. సంఘంవాళ్లు చక్రానికి గొలుసు వేసి యజమానిని కదలనివ్వకుండా చేస్తే, భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షనులోని అక్రమ అడ్డగింపు తమకు వర్తించదని వాదించడం వాళ్లకు కష్టమవుతుంది. దానికి నెల వరకు సాధారణ జైలు లేదా ఐదు వేల వరకు జరిమానా. గొలుసును యజమాని కట్టరుతో కోయిస్తే ఆస్తి నష్టం కింద ఎదురు ఫిర్యాదు. ఫొటో తీసి, సంఘానికి రాతపూర్వకంగా ఇచ్చి, అప్పటికీ తీయకపోతే స్టేషనుకు వెళ్లడం చవక.

పల్నాడు పిల్లలు ఇంగ్లండులో ఫ్లాట్లలో ఉంటున్నారు కాబట్టి అక్కడి సంగతి కూడా. అక్కడ ప్రైవేటు స్థలంలో చక్రాలకు తాళం వేయడం 2012 అక్టోబరు నుంచి నిషేధం. దానికి బదులు డ్రైవరు ఎవరో తెలియకపోతే, నోటీసులు నిబంధనల ప్రకారం ఇచ్చి ఉంటే, బండి ఎవరి పేర ఉంటే వాళ్ల నుంచి వసూలు చేసుకునే వీలు చట్టం ఇచ్చింది. 2015లో బీవిస్ కేసులో రెండు గంటల ఉచిత సమయం దాటి 56 నిమిషాలు ఉన్నందుకు 85 పౌండ్లు న్యాయమేనని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. నివాస గృహాల దగ్గర మాత్రం లీజు కాగితం పార్కింగు కంపెనీ బోర్డును మించగలదు: సామాను దించడానికి కాసేపు ఆగిన నివాసి 2016లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టులో గెలిచింది. చార్జీ సాధారణంగా నూరు పౌండ్ల వరకు, పద్నాలుగు రోజుల్లో కడితే తగ్గింపు. కంపెనీకి, ఆపైన స్వతంత్ర అప్పీలు సంస్థకు రాయడం ఉచితం, కానీ ఆ సంస్థ దాకా వెళితే తగ్గింపు సాధారణంగా పోతుంది. ఓడితే వసూలు ఖర్చని 70 వరకు, కోర్టు ఫీజు 35, ప్లీడరు ఖర్చు 50, విచారణ ఫీజు 27, పైన వడ్డీ. నూరు పౌండ్లు 280 చిల్లర అవుతుంది. అందులో 70 మీద కోర్టులు ఒకే మాట మీద లేవు, కాబట్టి దాన్ని విడిగా ప్రశ్నించవచ్చు.

అక్కడ పెద్ద నష్టం వాదించి ఓడినవాడికి రాదు, కవరు విప్పనివాడికి వస్తుంది. ఇల్లు మారి, బండి రిజిస్ట్రేషనులో చిరునామా మార్చకపోతే కోర్టు కాగితం పాత ఇంటికి పోతుంది; జవాబు రాలేదని ఏకపక్ష తీర్పు పడుతుంది. ఆ తీర్పు నెల లోపు పూర్తిగా కడితే రిజిస్టరు నుంచి తీసేస్తారు, లేకపోతే ఆరేళ్లు ఉండి ఇంటి లోనుకు అడ్డుపడుతుంది.

నరసరావుపేటలో అలాంటి రిజిస్టరు లేదు, దాని పని ఫ్లాటు అమ్మేరోజు జరుగుతుంది. కొనేవాడూ, అతనికి లోను ఇచ్చే బ్యాంకూ సంఘం నుంచి ‘బాకీ లేదు’ కాగితం అడుగుతారు. రిజిస్ట్రేషనుకు ముహూర్తం పెట్టుకున్నాక వాదించే ఓపిక ఎవరికీ ఉండదు, వడ్డీతో సహా కట్టేస్తారు. అందుకే అగ్రిమెంటు రాసుకునే ముందే తగువు ఉన్న మొత్తం ఎంతో సంఘం నుంచి రాతలో తీసుకుని, అభ్యంతరం ఉత్తరంతో పాటు కట్టి రసీదు పుచ్చుకోవాలి. ఆ రసీదు నకలు లింకు డాక్యుమెంట్ల కట్టలో ఉంచాలి.