ముప్ఫై నాలుగో ఏట నర్సు చదువు

"మొక్కై వంగనిది మానై వంగునా" అని మన పెద్దలు సామెత చెబుతూ ఉంటారు. వయసు మీరినవాళ్ళు ఎవరైనా పుస్తకం పట్టుకుంటే చాలు, ఎవరో ఒకరి నోట ఆ మాట రానే వస్తుంది. మా చిన్నత్త ముప్ఫై నాలుగో ఏట నర్సు ట్రైనింగుకి దరఖాస్తు పెట్టినప్పుడు మా ఇంట్లోనూ వచ్చింది. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ మాట అన్నవాణ్ణి నేనే. డిగ్రీలో కొత్తగా సీటు వచ్చిన గర్వం అప్పుడు నా తలకెక్కి ఉంది.

రెండేళ్ళు తిరిగేసరికి అత్త నా మాటను అబద్ధం చేసింది. ఎలా చేసిందో దగ్గరుండి చూశాను గనుక, నాలుగు ముక్కలు మిత్రులతో చెప్పుకుందామని ఈ వ్యాసం రాస్తున్నాను. ఈ కాలేజీలో పల్లెల నుంచి వచ్చినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. మన ఇళ్ళల్లో పెళ్ళితోనో, అప్పులతోనో సగంలో ఆగిపోయిన చదువులూ చాలానే ఉన్నాయి గదా.

మాది గుంటూరు వైపు మిరప పండించే ఊరు. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు వచ్చి పూతనంతా పీల్చేసింది. మా మావయ్య కౌలుకి చేసిన మూడెకరాల్లో కూలి ఖర్చులు కూడా రాలేదు. ఆ ఏడే అత్త ఒక నిర్ణయానికి వచ్చింది. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా ఆమెకు పెళ్ళయింది. ఆగిపోయిన ఆ ఇంటర్‌ని ఓపెన్ స్కూల్లో పూర్తి చేసి, 2023లో ఏ.ఎన్.ఎం. కోర్సులో చేరింది.

ఏమిటీ చదువు?

ఏ.ఎన్.ఎం. అంటే ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్. మన ఊళ్ళల్లో గర్భిణీలకు పరీక్షలు చేసి, పిల్లలకు టీకాలు వేసే నర్సమ్మలు ఈ చదువు చదివినవాళ్ళే. భారతీయ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఇది రెండేళ్ళ కోర్సు. అందులో చివరి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. ఇంటర్ ఏ గ్రూపుతో పాసయినా చేరవచ్చు. వయసు 17కి తగ్గకూడదు, 35 దాటకూడదు. అంటే మా అత్త తలుపు మూసుకునే ముందు లోపలికి అడుగు పెట్టిందన్నమాట. మైదాన ప్రాంతంలో 5000 జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3000 జనాభాకు ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉండాలని లెక్క. అక్కడి పని చాలావరకు ఈ నర్సమ్మ చేతిమీదే నడుస్తుంది.

క్లాసులో మిగతావాళ్ళంతా పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళ పిల్లలు. అత్తను "ఆంటీ" అనేవారు. పాఠం చెప్పే మేడమ్ కూడా అత్త కంటే చిన్నది. మొదటి ఇంటర్నల్ పరీక్షలో వందకి ఇరవై రెండు మార్కులు వచ్చాయి. ఇంటికొచ్చి పుస్తకాలు అటకమీద పెట్టేసి, "నా బుర్ర తుప్పు పట్టిందిరా అబ్బాయ్. నువ్వన్నదే నిజం" అంది. నాకు నోట మాట రాలేదు. దసరా సెలవులు నడుస్తున్నాయి. నిచ్చెన వేసుకుని అటకెక్కి ఆ పుస్తకాలు నేనే దించాను. ఆ తర్వాత మేమిద్దరం నేర్చుకున్నవి ఇవి.

మాటను విడగొట్టి చదవాలి

పెద్ద వయసులో చదివేవాళ్ళను మొదట భయపెట్టేది ఇంగ్లీషు మాటలు. అత్త ఒక్కొక్క మాటను యాభైసార్లు రాసేది. తెల్లారేసరికి మర్చిపోయేది. వైద్యంలో మాటలు చాలావరకు ముక్కలు అతికించి చేసినవే. 'హైపర్' అంటే ఎక్కువ, 'హైపో' అంటే తక్కువ, 'ఐటిస్' అంటే వాపు, చివర 'ఇమియా' వస్తే రక్తానికి సంబంధించినది. ఇలాంటివి ఓ నలభై ముక్కలు ఒక నోటుబుక్కులో రాసుకుంది. ఆపైన కొత్త మాట ఎదురైతే జడ విప్పినట్టు విప్పేది. 'హైపోగ్లైసీమియా' అంటే రక్తంలో చక్కెర తగ్గడమని తనంతట తానే చెప్పినరోజు ఆమె ముఖం చూడాలి! ఇది మార్కుల కోసమే కాదు. హైపో, హైపర్ తారుమారైతే, చక్కెర పడిపోయిన మనిషికి ఇన్సులిన్ ఇచ్చే ప్రమాదం ఉంది.

చేతికి తెలిసిన లెక్క

లెక్కలంటే అత్తకు చెమటలు పట్టేవి. ఆస్పత్రిలో నేల తుడవడానికి 5 శాతం హైపోక్లోరైట్ ద్రావణాన్ని 0.5 శాతానికి పలుచన చెయ్యాలని పాఠంలో ఉంది. నేను కెమిస్ట్రీ స్టూడెంటుని కాబట్టి సూత్రం రాసి, గబగబా "ఒక పాలు మందుకి పది పాళ్ళు నీళ్ళు" అన్నాను. అత్త ఓ క్షణం ఆలోచించి, "పది పాళ్ళు నీళ్ళు కాదురా, మొత్తం కలిపి పది పాళ్ళు కావాలి. నీళ్ళు తొమ్మిదే" అంది. నా చెవులు ఎర్రబడ్డాయి. లీటరుకి 2 మిల్లీలీటర్ల మందంటే 16 లీటర్ల ట్యాంకుకి 32 అని పదిహేనేళ్ళుగా చేలో కలిపిన చెయ్యి అది! ఆ లెక్కే ఇదీ అని తెలిశాక ఆమెకు భయం పోయింది.

అదే దారిలో పిల్లల జ్వరం మందు చేశాం. డాక్టరు కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసెటమాల్ రాశారనుకోండి. 10 కిలోల బిడ్డకి ఒక మోతాదు 150 మిల్లీగ్రాములు. సీసామీద 5 మిల్లీలీటర్లకి 125 అని ఉంటే 6 మిల్లీలీటర్లు పొయ్యాలి. అదే మందు 5 మిల్లీలీటర్లకి 250 బలంతోనూ దొరుకుతుంది. అప్పుడు 3 చాలు. చీటీ చదవకుండా పోస్తే బిడ్డకి రెట్టింపు మందు పడుతుంది. "పురుగుమందు డబ్బామీద చీటీ చదవకపోతే చేను మాడుద్ది. ఇక్కడ మాడేది చేను కాదుగా" అని అత్త అన్న మాట నేనింకా మర్చిపోలేదు.

చదివింది చెప్పాలి

రాత్రి పదకొండు దాకా చదివినా తెల్లారేసరికి ఏమీ గుర్తుండటం లేదని అత్త బాధ. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు విద్యార్థులమీద ఒక ప్రయోగం చేశారు. పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో బాగా రాశారు. వారం తర్వాత పరీక్ష పెడితే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుంటూ రాసినవాళ్ళే ముందున్నారు. మనం పరీక్ష ముందురోజు చేసే పనికి ఈ ప్రయోగం చెంపపెట్టు.

అత్త పద్ధతి మార్చింది. సాయంత్రం గేదెకు కుడితి పెడుతూ, ఆ రోజు పాఠాన్ని మా నాయనమ్మకి తెలుగులో చెప్పేది. నాయనమ్మ "అట్టా ఎందుకయిద్దే?" అని అడిగేది. జవాబు రాకపోతే ఆ ముక్క మళ్ళీ చదివేది. మూడు రోజులకోసారి, వారానికోసారి పాత పాఠం తిరగేసేది.

బి.పి. చూడటం ఇంకో కష్టం. పట్టీలో గాలి వదులుతుంటే మొదట వినపడే చప్పుడు పై అంకె, చప్పుడు ఆగిపోయేది కింది అంకె. కొరొత్కోవ్ అనే రష్యన్ డాక్టరు 1905లో ఈ పద్ధతి కనిపెట్టాడు. వినడానికి సులువే, చెవికి అందడమే కష్టం. అత్త ఒక పరికరం కొనుక్కుని మా వీధిలో దొరికిన ప్రతి చెయ్యికీ పట్టీ చుట్టింది. అలా చూస్తుంటేనే నాయనమ్మకి 180/110 ఉన్నట్టు బయటపడింది. తనకే తప్పు వినపడిందనుకుని మూడుసార్లు చూసింది. మర్నాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగారు చూసి, అత్త విన్నది నిజమేనన్నారు. ఆ రోజు నుంచీ నాయనమ్మ మాత్రలు వాడుతోంది, సామెతలు చెప్పడం మానేసింది.

తెలిసింది వదులుకోవడం

పెద్దవాళ్ళకు తెలిసినవి చాలా ఉంటాయి, అది వాళ్ళ బలం. ఆ తెలిసినవాటిలో తప్పులూ ఉంటాయి, వాటిని వదలడం పద్దెనిమిదేళ్ళ పిల్లలకు లేని కష్టం.

ఒకరోజు క్లాసులో ముర్రుపాల పాఠం. పుట్టిన గంటలోపు బిడ్డకు తల్లిపాలు పట్టాలి, ఆరు నెలలదాకా మంచినీళ్ళు కూడా అక్కర్లేదు, మొదటి పసుపుపచ్చ పాలు రోగాల నుంచి కాపాడతాయి అని మేడమ్ చెప్పింది. ఆ రాత్రి అత్త అన్నం తినలేదు. పెద్దబ్బాయి పుట్టినప్పుడు ఆ పాలు పిండి పారబోసి, మూడు రోజులు పంచదార నీళ్ళు పట్టారట. పిల్లాడు విరోచనాలతో చావు దాకా వెళ్ళొచ్చాడట. "దూడకి జున్నుపాలు పట్టకపోతే నిలవదని మాకు తెలుసురా. నా బిడ్డ దగ్గర ఆ తెలివి ఏమయిందిరా?" అని ఏడ్చింది. జువాలజీ చదివేవాణ్ణి, నా దగ్గరా సమాధానం లేదు.

ఇంటర్న్‌షిప్‌లో ఉండగా కాన్పుల వార్డులో ఒక ముసలమ్మ అలాగే ముర్రుపాలు పిండబోయింది. అత్త కోప్పడలేదు, పుస్తకంలో మాటలూ అప్పగించలేదు. పక్కన కూర్చుని, "పెద్దమ్మా, మీకు గేదెలున్నాయా? ఈనగానే దూడకి ఏం పడతారు?" అని అడిగింది. ముసలమ్మ కాసేపు ఊరుకుని, బిడ్డను తల్లి రొమ్ము దగ్గర పెట్టింది. తాను పొరపాటు చేసి, ఏడ్చి, దిద్దుకున్న మనిషి కాబట్టే అత్తకు ఆ మాట తట్టిందని నేననుకుంటాను.

ఇంటి సాయం

ఒక మాట దాచకూడదు. ఇదంతా అత్త పట్టుదలతోనే అయిందనడం పొరపాటు. ఉదయం పాలు పితికే పని మా అమ్మ తీసుకుంది. పిల్లలకు అన్నం వండటం మావయ్య నేర్చుకున్నాడు. మొదట్లో ఊళ్ళో నవ్వారు, తర్వాత అలవాటు పడ్డారు. అర్థం కానప్పుడు "మేడమ్ గారూ, ఇంకోసారి చెప్పండి" అని తనకంటే చిన్నదాన్ని అడగడానికి అత్త నామోషీ పడలేదు. అది లేకపోతే ఇంట్లో ఎంత సాయమున్నా లాభం లేకపోను.

2025లో అత్త కోర్సు పూర్తి చేసింది. నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుని, పట్నంలో ఒక చిన్న ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తోంది. ప్రభుత్వ ఉద్యోగం ఇంకా రాలేదు, జీతం తక్కువే. అయినా కౌలు అప్పు మొదటిసారి తగ్గుముఖం పట్టింది.

నర్సు చదువుకి దారి వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 1820లో పుట్టింది. జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో శిక్షణకు చేరింది 1851లో, అంటే ముప్ఫై ఒకటో ఏట. ఆ సంగతి చెబితే అత్త నవ్వి, "అయితే నాకంటే మూడేళ్ళే ముందు" అంది.

మిత్రులారా! కాపు తగ్గిన ముసలి మామిడిని తెలివైన రైతు కొట్టెయ్యడు, వంచనూ వంచడు. కొమ్మలు నరికి, కొత్తగా వచ్చిన చిగుళ్ళకు మంచి రకం అంటు కడతాడు. వేళ్ళు పాతవే, కాయ కొత్తది. పెద్దవాళ్ళ చదువూ అంతే. ఈసారి సెలవులకు ఊరెళ్ళినప్పుడు, మీ ఇంట్లో అటకమీద పుస్తకాలు పెట్టేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో చూడండి. సామెత చెప్పకండి, నిచ్చెన వెయ్యండి.