ట్రాక్టరు బంపరునకు పూత నెన్నుకొను విధము

పొలమున తిరుగు ట్రాక్టరునకు ముందు బంపరు దెబ్బలు తినుటకే యున్నది. మాచర్ల, గురజాల ప్రాంతములందలి రాతి నేలలలో గట్టు దాటునపుడు రాయి తగులును. డొంకలలో కంపచెట్ల ముండ్లు గీచును. కొట్టము గోడకును, తోటి బండి తొట్టికిని రాచుకొనును. కావున దీని పూతను గూర్చి యోచించునపుడు వీధి తలుపునకు రంగు నెన్నుకొను దృష్టి పనికిరాదు. ఏ పూత యైనను ఒకనాటికి పెచ్చు లేచును. అట్లు లేచిన నాడు మన యింటి యొద్దనే, మన చేతులతోనే దానిని సరిచేసికొన వీలగునా యను ప్రశ్నను దుకాణమునకు పోకముందే వేసికొనవలెను. ఈ వ్యాసమున చెప్పబోవు నిర్ణయములన్నియు ఆ ప్రశ్నపైననే యాధారపడి యున్నవి.

ఇనుమునకు నీరును, గాలిలోని ప్రాణవాయువును కలసి తగిలిన తుప్పు పుట్టును. అందు ఉప్పు చేరెనా, తుప్పు వేగము హెచ్చును. 1967 ఆగస్టులో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిన పిదప మన ప్రాంతమున మాగాణి పెరిగినది. దానితో పాటు ఇనుప సామాను తడిసియుండు దినములును పెరిగినవి. రేగడి మన్ను బంపరు వెనుక మూలలలో పట్టుకొన్న, పైకి ఎండినట్లు కనబడియు లోపల దినముల తరబడి తేమను నిలుపును. ఎరువుల బస్తాల నుండి రాలు పొటాషులో క్లోరైడు కలదు. అది ఉప్పు చేయు పనియే చేయును. మిరప తోటలకు చల్లు కాపర్ ఆక్సీక్లోరైడు తుంపురులు మరియొక చేటు. రాగి సంబంధమైన మందు తడి యినుముపై నిలిచినచో, రాగి యినుముపై పేరుకొని, దాని చుట్టునున్న యినుమును త్వరగా తినివేయించును. మందు కొట్టిన సాయంకాలము ట్రాక్టరును మంచి నీటితో కడుగుట యే రంగు డబ్బా కన్నను చౌకయైన రక్షణ.

తుప్పు మొదలగు తావులను గుర్తెఱిగిన సగము పని తీరినట్లే. నున్నని పలక మీద అది ఆరంభింపదు. వెల్డింగు అతుకులు, పదునైన అంచులు, బోల్టు బెజ్జములు, బంపరును బండికి బిగించు పట్టీల వెనుక భాగము, ఇవి దాని స్థానములు. తడి రంగు పదునైన అంచు నుండి వెనుకకు జరుగును గనుక అచ్చట పొర పలుచబడును. అందుచేత ఆకురాయితో అంచులను గుండ్రముగా నరగదీసి, అతుకులకును అంచులకును ముందుగా కుంచెతో ఒక పూత వేసి, అటుపిమ్మట మొత్తమునకు వేయవలెను. గొట్టముతో చేసిన బంపరైనచో మఱింత జాగ్రత్త వలయును. పైన మెఱయుచుండగనే లోపల నీరు నిలిచి గొట్టము డొల్లయగును. అడుగున ఒక చిన్న రంధ్రము వేయించి నీటికి దారి నిడవలెను. పట్టీ యొద్ద డొల్లయైన బంపరు, బండి బురదలో దిగబడి గొలుసు తగిలించి లాగిన వేళ విఱిగి, లాగువారి మీదికి ఎగిరివచ్చు ప్రమాదము కలదు. పూతను గూర్చి యింతగా వ్రాయుటకు కారణ మిదియే. అందము కొఱకు గాదు.

ఇక పూతలు. పట్టణములందు నేడు విరివిగా చూపబడునది పౌడరు పూత. రంగు పొడిని విద్యుత్తుతో ఇనుమునకు అంటించి, సుమారు 180 నుండి 200 డిగ్రీల వేడి గల పొయ్యిలో కాల్తురు. అది గట్టిగను, అందముగను ఉండుట నిజము. అయినను రాతి దెబ్బకు ఒక చోట పెచ్చు లేచిన, తేమ ఆ సందున దూరి పొర క్రిందుగా ప్రాకును. పైకి చాలకాలము కనబడదు. ఒకనాడు గోరుతో గీచిన జానెడు పొర ఊడివచ్చును. దానిని సరిచేయుటకు బంపరును ఊడదీసి మరల కార్ఖానాకు మోయవలెను. కారునకు తగును గాని పొలము బండికి నేను దీనిని సిఫారసు చేయను.

రెండవది జింకు కళాయి. సుమారు 450 డిగ్రీల వద్ద కరగియున్న జింకు తొట్టిలో బంపరును ముంచి తీయుదురు. 6 మిల్లీమీటర్లకు తక్కువ గాని మందము గల ఇనుముపై 85 మైక్రాన్ల సగటు పొర ఏర్పడవలెనని ప్రమాణము కలదు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. దీని సుగుణ మేమన, పొర గీసికొనిపోయినను ప్రక్కనున్న జింకు తాను కరగుచు ఇనుమును కాపాడును. సొమ్మునకు వెనుదీయనివారికి మంచి పూతయే. మూసిన గొట్టమును మాత్రము రంధ్రములు లేకుండ ముంచరాదు. లోని గాలియు తేమయు వేడికి వ్యాకోచించి గొట్టము ప్రేలును. కళాయి వేసిన దానికి తరువాత వెల్డింగు చేయింపవలసి వచ్చిన, ఆ తావున జింకును అరగదీయవలెను, లేనిచో ఆ పొగ పీల్చినవానికి జ్వరము తగులును. క్రొత్త కళాయి పైన సామాన్యమగు ఎనామిలు నిలువదు. కొలది కాలమునకే పొరలుగా లేచును.

మూడవది మన చేతిలోని పని, అనగా ప్రైమరును దానిపై రంగును. ఇందు రెండు తరగతులు కలవు. మొదటిది రెడాక్సైడు జింకు ఫాస్ఫేటు ప్రైమరు, దానిపై సింథెటిక్ ఎనామిలు. ఇది ప్రతి యూర దొరకును, కుంచెతో వేయవచ్చును, పెచ్చు లేచిన అరగంటలో అతుకు వేయవచ్చును. రెండవది రెండు డబ్బాలుగా వచ్చు ఎపాక్సీ ప్రైమరు. రెంటిని కలిపిన పిమ్మట కొలది గంటలలోనే గట్టిపడును. ఎండ హెచ్చిన కొలది ఆ గడువు తగ్గును. రెంటచింతల ఎండలో డబ్బా యంతయు ఒకేసారి కలిపినవారు మిగిలినది రాయిగా పాఱవేయవలసినదే. ఎపాక్సీ తేమను బాగుగా నాపును గాని, ఎండకు సుద్దవలె పొడిరాలును. కావున దానిపై వేఱొక రంగు తప్పనిసరి.

పిడుగురాళ్ళ బట్టీల నుండి సున్నము తోలు సభ్యులు ఒక సంగతి గమనింపవలెను. సామాన్యమగు ఎనామిలు నూనె సంబంధమైనది. నూనెయు క్షారమును కలసిన సబ్బగునని మన స్త్రీలందఱు నెఱుగుదురు. తడి సున్నము ఎనామిలును అట్లే సబ్బుగా మార్చి మెత్తపఱచును. తడి సున్నము జింకును గూడ తినును. వారికి ఎపాక్సీ ప్రైమరును, దానిపై పాలీయురిథేను రంగును తగినవి. ఈ రంగును పిచికారీతో వేయునపుడు వెలువడు తుంపురులు ఊపిరితిత్తులకు కీడు చేయును గనుక, తగిన ముసుగు గల పనివానిచేతనే వేయింపవలెను. ముక్కునకు కట్టిన కండువా చాలదు. తక్కిన సభ్యులకు మొదటి తరగతియే చాలునని నా యభిప్రాయము.

ఏ పూతకైనను క్రింది యినుమును శుభ్రపఱచుటయే ప్రాణము. ఖరీదైన రంగును తుప్పుపై పూయుటకంటె, చౌక రంగును శుభ్రమైన యినుముపై పూయుట మేలు. ముందుగా గ్రీజును సబ్బునీటితో కడిగి, ఎండిన తరువాత ఇనుప తీగల బ్రష్షుతోను, గరుకు కాగితముతోను తుప్పును తీయవలెను. క్రమము తప్పి ముందు రుద్దిన, గ్రీజు ఇనుములోని గీతలలోనికి ఎక్కును. గుంటలలో మిగిలిన తుప్పునకు టానిను గల ద్రావకము దొరకును. అది తుప్పును నల్లని గట్టి పదార్థముగా మార్చును. కరక్కాయయు అన్నభేదియు కలిపి మన పెద్దలు సిరా కాచుట యీ న్యాయముననే. జింకు పొడి హెచ్చుగా గల ప్రైమరులను మాత్రము తుప్పుపై వేసి లాభము లేదు. జింకు వట్టి యినుమును తాకిననే పనిచేయును.

పూర్వము వంతెనలకు సిందూరమును అవిసె నూనెలో కలిపి పూసెడివారు. అది తుప్పును బాగుగనే ఆపెడిది, కాని సిందూరము సీసపు పదార్థము, పిల్లలకు విషతుల్యము. గృహములకు వాడు రంగులలో సీసము పది లక్షలకు 90 పాళ్ళు మించరాదని కేంద్ర ప్రభుత్వము 2016లో నియమము చేసినది. పాత బండ్ల రంగును గీకునపుడు నీటితో తడిపి గీకవలెను. ఆ పొట్టును పశువుల దొడ్డిలో వేయరాదు.

రంగు విషయమున చాలమంది నలుపునే కోరుదురు. నేను పసుపునో, తెలుపునో కోరుదును. నలుపుపై తుప్పు మఱుగుపడును. లేత రంగుపై గోధుమ చాఱ మొదటి వారముననే కనబడును. రాత్రివేళ ఎదురు వచ్చువారికిని బండి తెలియును. ప్రసంగవశమున నొక మాట: జీపులకు, కార్లకు పైన తగిలించు ఇనుప గార్డులు 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనునకు విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రములకు వ్రాసినది. అట్టివానికి ఏ రంగు వేయవలెనని యడుగువారికి, తీసివేయుడని చెప్పవలసి యున్నది.

పని చేయుటకు ఉదయమున మంచు ఆరిన పిదప, నీడలో, బంపరును ఊడదీసి చేయుట మంచిది. చేయి పెట్టలేనంత కాలిన యినుముపై వేసిన రంగు పైన తోలుకట్టి లోన పచ్చిగా నుండును. మబ్బు పట్టి గాలిలో తేమ హెచ్చియున్న దినమును వదలివేయవలెను. ప్రైమరు రెండు పూతలు, రంగు రెండు పూతలు. ఒక్కొక్కటి డబ్బాపై చెప్పిన గడువు వఱకు ఆరనీయవలెను. పాత ఎనామిలుపై డ్యూకో వంటి ఘాటైన థిన్నరు గల రంగును వేసినచో క్రింది పొర ముడుతలు పడి లేచును. చాటున ఒక అంగుళము మేర వేసి చూచుకొనవలెను. బోల్టుల మరలకు రంగు పూయక గ్రీజు రాయవలెను. మిగిలిన ప్రైమరును, రంగును చిన్న డబ్బాలలో గట్టిగా మూతవేసి, కుంచెతో సహా పనిముట్ల పెట్టెలో నుంచుకొనిన, పెచ్చు లేచిన నాటి సాయంకాలమే అతుకు వేయవచ్చును.