ఇంటి కార్ఖానాకు ప్రథమ చికిత్స మూల: దాతలకు ఒక పాఠం



మన లాంటి సంఘాలు పేద కుటుంబాలకు కుట్టు మిషన్ ఇస్తాయి. చదువు మధ్యలో ఆగిన యువకుడికి వెల్డింగ్ సెట్టో, డ్రిల్లింగ్ మిషనో కొనిస్తాయి. మిషన్ ఇంట్లోకి వచ్చిన రోజు నుంచి ఆ ఇల్లు ఒక చిన్న కార్ఖానా అవుతుంది. వరండాలో కుట్టు, పెరట్లో రేకుల కింద వెల్డింగ్, ముందు గదిలో మోటార్ వైండింగ్, మేడ మీద మగ్గం పని సాగుతుంటాయి. జడ్చర్ల, బాదేపల్లి వీధుల్లో నడిస్తే ఇలాంటి ఇళ్లు కనిపిస్తూనే ఉంటాయి. మిషన్ ఇచ్చాం, బతుకుదెరువు చూపించాం అని మనం తృప్తి పడతాం. కానీ ఆ మిషన్ నడిపేది రెండు చేతులు, రెండు కళ్లు. అవి పోతే మిషన్ ఉండి కూడా లాభం లేదు.

అందుకే ఈ పాఠం. చదివాక మూడు సంగతులు మనకు తెలియాలి: ఇంటి కార్ఖానాలో ప్రథమ చికిత్స ఏర్పాటు ఎవరి బాధ్యత, దాన్ని ఎలా తయారు చేయాలి, దెబ్బ తగిలిన మొదటి పది, ఇరవై నిమిషాల్లో ఏం చేయాలి.

1. చట్టం ఆగిన చోట

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 45వ సెక్షన్ ప్రథమ చికిత్స గురించే ఉండేది. ప్రతి 150 మంది కార్మికులకు కనీసం ఒక పెట్టె ఉండాలని, దానికి శిక్షణ పొందిన ఒక మనిషి బాధ్యుడిగా ఉండాలని, 500 మందికి మించి పనిచేసే చోట అంబులెన్స్ గది ఉండాలని అందులో రాశారు. మన పక్కనే ఉన్న పోలేపల్లి సెజ్‌లోని పెద్ద కంపెనీల లాంటి చోట్ల ఈ ఏర్పాట్లు యాజమాన్యం చేయాల్సినవి.

అయితే ఆ చట్టం ప్రకారం కరెంటుతో నడిచే చోట 10 మంది, కరెంటు లేని చోట 20 మంది ఉంటేనే అది ఫ్యాక్టరీ అయ్యేది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఈ సంఖ్యలను 20కి, 40కి పెంచింది. తండ్రి, కొడుకు, ఒక పనిపిల్లవాడు కలిసి నడిపే వెల్డింగ్ షాపు ఈ లెక్కలోకి రాదు. తల్లీకూతుళ్లు కుట్టే మిషన్ అసలే రాదు. పెట్టె ఉందా అని అక్కడికి వచ్చి అడిగే ఇన్‌స్పెక్టర్ ఉండడు. కాబట్టి ఆ ప్రశ్న అడగాల్సింది ఇంటి పెద్ద. మిషన్ మనం ఇచ్చినదైతే, మనం కూడా.

2. దవాఖాన చేరేలోపు

జడ్చర్లలో ప్రభుత్వ దవాఖాన ఉంది. పెద్ద గాయమైతే సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న మహబూబ్‌నగర్ జనరల్ దవాఖానకు, ఇంకా పెద్దదైతే సుమారు 85 కిలోమీటర్లు ప్రయాణం చేసి హైదరాబాద్‌కు పోవాలి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 వాహనం మనకు గొప్ప అండ. అయినా అది ఇంటి ముందుకు వచ్చేదాకా గాయపడినవాడి దగ్గర ఉండేది ఇంట్లోవాళ్లే. కారే రక్తం, కాలే చర్మం అంబులెన్స్ కోసం ఆగవు.

గాయపడిన చోటికే సాయం రావాలన్న ఆలోచన పాతదే. మదీనాలో మస్జిద్ ఆవరణలోనే గుడారం వేసి క్షతగాత్రులకు సేవ చేసిన రుఫైదా (రజి) గురించి, ఖందక్ యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ (రజి) గారిని ఆ గుడారానికే తరలించిన సంగతి గురించి చరిత్ర గ్రంథాలు చెబుతాయి. 1888లో అమెరికాలో జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ తయారుచేసిన మొదటి ప్రథమ చికిత్స పెట్టెలు కూడా దవాఖానలకు దూరంగా రైలు మార్గాల మీద పనిచేసే కార్మికుల కోసమే.

3. చోటు ఎంపిక

పెట్టె అనకుండా మూల అంటున్నాను. ఎందుకంటే పెట్టె ఒక్కటే చాలదు. పెట్టె, నీళ్లు, వెలుతురు, ఫోన్ నంబర్ల కాగితం, కూర్చోబెట్టడానికి ఒక స్టూలు — ఈ ఐదూ ఒకేచోట ఉండాలి.

పని చేసే చోటు నుంచి పది అడుగుల్లో చేరేలా ఉండాలి. కానీ నిప్పురవ్వలు పడేచోట, గ్రైండర్ ఎదురుగా ఉండకూడదు. పెద్దల భుజం ఎత్తులో గోడకు బిగిస్తే చిన్నపిల్లలకు అందదు. తాళం వేయకూడదు. బీరువాలో పెట్టి తాళంచెవి వెతికే పెట్టె ఆపదలో పనికిరాదు.

మన పాలమూరు ఎండల సంగతి తెలిసిందే. రేకుల కప్పు కింద వేసవిలో టేపుల జిగురు ఎండిపోతుంది, మందులు చెడిపోతాయి. అందువల్ల రేకుల షెడ్డు లోపల కాకుండా, ఇంటి గోడకు నీడ ఉన్న వైపున పెట్టాలి.

పెట్టె మీద ఎర్ర శిలువ గుర్తు వేయకండి, ఎర్ర నెలవంక కూడా వేయకండి. 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం అనుమతి లేనివారు ఆ గుర్తులు వాడకూడదు. ఆకుపచ్చ రంగు మీద తెల్ల ప్లస్ గుర్తు వేస్తే సరిపోతుంది. ప్రపంచమంతా ప్రథమ చికిత్సకు వాడే గుర్తు అదే.

4. పెట్టెలో ఏముండాలి

మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా చాలు. అందులో:

సీలు వేసిన గాజ్ ప్యాడ్లు 10;
రోలర్ బ్యాండేజీలు 5 సెంటీమీటర్లవి 4, 10 సెంటీమీటర్లవి 4;
త్రికోణపు కట్టు గుడ్డలు 4 (మీటరు పన్నా ఉన్న మల్మల్ గుడ్డ రెండు మీటర్లు తెచ్చి, రెండు చదరాలుగా కోసి, ఒక్కోదాన్ని మూల నుంచి మూలకు కత్తిరిస్తే నాలుగు వస్తాయి; ఉతికి ఇస్త్రీ చేసి పెట్టాలి);
అంటించే పేపర్ టేపు 2, బ్యాండ్-ఎయిడ్ పట్టీలు 20;
బట్టను కోయగల కత్తెర 1, చిన్న పట్టకారు 1;
వాడి పారేసే గ్లౌజులు 5 జతలు;
సెలైన్ 500 మిల్లీలీటర్ల సీసాలు 2;
బెటాడిన్ చిన్న సీసా 1;
గట్టిగా మూతపడే ప్లాస్టిక్ కవర్లు చిన్నవి 2, పెద్దవి 2;
ఓఆర్ఎస్ ప్యాకెట్లు 4;
టార్చిలైటు 1;
నోటుబుక్కు, పెన్ను.

నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్‌లు, పేరు తెలియని లేపనాలు ఇందులో పెట్టకూడదు. దూదిని గాయం మీద నేరుగా పెట్టకూడదు, పోగులు అతుక్కుంటాయి.

పెట్టె తయారయ్యాక ఒక పరీక్ష పెట్టండి. కుడిచేతిని వెనక్కి కట్టుకున్నట్టు ఉంచి, ఎడమచేత్తో ఒక్కదానితో మూత తీసి గాజ్ ప్యాడ్ బయటికి తీయండి. రాకపోతే పెట్టె మార్చాలి. కార్ఖానాలో ముందుగా దెబ్బ తగిలేది చేతికే కదా!

5. నీళ్ల లెక్క

కాలిన గాయానికి మొదటి మందు నీళ్లు. చల్లని నీళ్లు 20 నిమిషాలు పారాలి. నిమిషానికి ఒక లీటరు చొప్పున సన్నని ధార వదిలినా 20 లీటర్లు కావాలి. కరెంటు పోయి మోటారు ఆగితే కుళాయిలో చుక్క రాదు. అందుకే ఇంట్లో తాగునీటికి తెచ్చుకునే 20 లీటర్ల క్యాన్ లాంటిది, కింద కుళాయి ఉన్నది, ఈ మూలలో ఎప్పుడూ నింపి ఉంచాలి. వారానికోసారి ఆ నీళ్లు మొక్కలకు పోసి మళ్లీ నింపాలి. పక్కనే ఒక బకెట్టు ఇసుక ఉంటే చిన్న మంటకు పనికొస్తుంది.

6. ఆరు గాయాలు

కోసుకోవడం: గాజ్ ప్యాడ్ పెట్టి గట్టిగా అదిమి పట్టాలి. చేయి పైకెత్తి ఉంచాలి. ఆగిందా అని మాటిమాటికీ తీసి చూడకుండా కనీసం 10 నిమిషాలు అదిమే ఉండాలి. ప్యాడ్ తడిస్తే తీయకుండా దాని మీద ఇంకొకటి పెట్టాలి. లోపల ఇనుప ముక్క దిగి ఉంటే పీకకూడదు. దాన్ని కదలకుండా చుట్టూ గుడ్డ పెట్టి కట్టి దవాఖానకు తీసుకెళ్లాలి. కుట్టు మిషన్ సూది వేలిలో విరిగినా ఇదే నియమం.

వేలు తెగిపోవడం: ముందు మనిషి రక్తం ఆపాలి. తెగిన వేలిని సెలైన్‌తో తడిపిన గాజ్‌లో చుట్టి, చిన్న కవర్లో వేసి మూతపెట్టాలి. ఆ కవర్‌ను మంచు, నీళ్లు ఉన్న పెద్ద కవర్లో ఉంచాలి. వేలికి మంచు నేరుగా తగలకూడదు. వేలిని మనిషితో పాటే పంపాలి.

కాలడం: 20 నిమిషాలు నీళ్లు. వాపు రాకముందే ఉంగరం, గాజులు, గడియారం తీసేయాలి. చర్మానికి అతుక్కున్న బట్టను లాగకూడదు, బొబ్బలు చిదపకూడదు. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, నూనె ఏవీ పూయకూడదు. శుభ్రమైన, నూగు లేని గుడ్డ వదులుగా కప్పి దవాఖానకు పోవాలి.

కరెంటు షాకు: పట్టుకున్న మనిషిని ముట్టుకోవద్దు. మెయిన్ స్విచ్ ఆపాలి. స్విచ్ దూరమైతే పొడి కర్రతో వైరును పక్కకు నెట్టాలి. పలకకుండా, శ్వాస లేకుండా పడి ఉంటే 108కి ఫోన్ చేసి, ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదానిమీద ఒకటి పెట్టి, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూనే ఉండాలి. సాయం వచ్చేదాకా ఆపకూడదు.

కంట్లో నలుసు, యాసిడ్: కన్ను నలపకూడదు. దుమ్ము అయితే శుభ్రమైన నీళ్లతో కడగాలి. బ్యాటరీ యాసిడ్ అయితే ఆగకుండా 20 నిమిషాలు కడుగుతూ, వెంటనే దవాఖానకు. ఇనుప రవ్వ కంటిలో గుచ్చుకుంటే కడగకూడదు, చీర కొంగుతో తీయకూడదు. కన్ను నొక్కుకుపోకుండా పైన కాగితం కప్పు బోర్లించి టేపు అంటించి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

వెల్డింగ్ వెలుగు కొట్టడం: అద్దం లేకుండా వెల్డింగ్ చేస్తే, ఆ సమయానికి ఏమీ తెలియదు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, సాధారణంగా రాత్రిపూట, కళ్లలో ఇసుక పోసినట్టు నొప్పి మొదలవుతుంది. చనుబాలు, ఆలుగడ్డ ముక్కలు, స్నేహితుడు ఇచ్చిన చుక్కలు పనికిరావు. చీకటి గదిలో కళ్లు మూసుకుని, పైన చల్లని తడిగుడ్డ వేసుకుని, కంటి డాక్టరుకు చూపించుకోవాలి. పక్కన నిలబడి చూసే పిల్లలకూ ఇది కొడుతుందని మరచిపోవద్దు.

7. మనిషి, కాగితం

పెట్టె ఎంత మంచిదైనా దాన్ని వాడటం తెలిసిన మనిషి లేకపోతే అది గోడకు అలంకారమే. ప్రతి ఇంటి నుంచి ఒకరు నేర్చుకోవాలి. నేర్చుకునేది ఇంటి ఆడవాళ్లయితే మరీ మంచిది. దెబ్బ తగిలేది పనిచేసేవాడికి, అప్పుడు ఇంట్లో ఉండేది వాళ్లే. ఇండియన్ రెడ్ క్రాస్ సొసైటీ, సెయింట్ జాన్ అంబులెన్స్ సంస్థలు ప్రథమ చికిత్సలో శిక్షణ ఇస్తాయి. ఛాతీ నొక్కడం లాంటివి చదివితే రావు, బొమ్మ మీద చేసి చూస్తేనే వస్తాయి.

మూత లోపలి వైపు ఒక కాగితం అంటించాలి. దాని మీద 108, దగ్గరి దవాఖాన, ఆటో నడిపే పొరుగువాడి నంబర్లు, ఇంట్లో ప్రతి ఒక్కరూ చివరిసారి ధనుర్వాతం టీకా వేయించుకున్న తేదీ పెద్ద అక్షరాలతో రాయాలి. తెలుగు చదవలేని పెద్దలుంటే ఉర్దూలో కూడా రాయాలి. చిన్న గాయమైనా నోటుబుక్కులో తేదీ, ఏ పనిలో, ఎలా అని ఒక వరుస రాయాలి. మూడు నెలల్లో ఒకే మిషన్ దగ్గర మూడుసార్లు దెబ్బ తగిలిందని ఆ పుస్తకం చూపిస్తే, బాగుచేయాల్సింది ఆ మిషన్ అని అర్థం. ఏడాదికి రెండుసార్లు, రంజాన్‌కు ముందు ఒకసారి, బడులు తెరిచే జూన్‌లో ఒకసారి, పెట్టె అంతా బయట పెట్టి గడువు తేదీలు చూడాలి.

8. దాతలు చేయదగిన పని

ఈ మూలంతా, క్యాన్, స్టూలుతో సహా, సుమారు రెండు వేల రూపాయల్లో తయారవుతుంది. కుట్టు మిషన్ ధరలోనో, వెల్డింగ్ సెట్టు ధరలోనో ఇది చిన్న భాగం. ఏ పద్దు కింద రాయాలో సంఘం పెద్దలు, ఉలమా నిర్ణయిస్తారు. నేను కోరేది ఇంతే: ఇకమీదట మనం ఇచ్చే ప్రతి మిషన్ వెంట ఒక పెట్టె వెళ్లాలి. వెల్డింగ్ సెట్టు వెంట నల్లద్దం ముసుగు, గ్రైండర్ వెంట కళ్లద్దాలు వెళ్లాలి. మిషన్ అందుకునే ముందు ఆ ఇంటి నుంచి ఒకరు ఒక పూట శిక్షణకు రావాలి. ఆరు నెలల తర్వాత మన మనిషి ఒకరు ఆ ఇంటికి వెళ్లి రెండు ప్రశ్నలు అడగాలి: పని ఎలా నడుస్తోంది? పెట్టె ఎక్కడ ఉంది?

ఇంతకుముందే మిషన్లు తీసుకున్న కుటుంబాల జాబితా సంఘం రిజిస్టర్లలో ఉంటుంది. వాళ్ల దగ్గరి నుంచే మొదలుపెట్టవచ్చు. శిక్షణకు చోటు కావాలంటే ఏ ఆదివారమైనా ఒక బడి గది చాలు. బోర్డు, బెంచీలు అక్కడ ఎలాగూ ఉన్నాయి. నేర్పడానికి నావంతుగా నేను సిద్ధం, ఇన్షా అల్లాహ్.