అడ్డుకొనువాని గౌరవము

షేక్‌పేట మీదుగా జూబిలీహిల్స్ వైపు సాగు త్రోవలో కొంతసేపు నిలిచి చూచినవానికి కీర్తి యొక్క స్వభావము సులభముగా బోధపడును. ఫిల్మ్‌నగర్ పరిసరములలో వెలయు నిలువెత్తు చిత్రపటములందు కథానాయకుని ముఖమే ముప్పాతిక పాలు ఆక్రమించియుండును. పోరాటములు కూర్చినవాడును, దీపములు అమర్చినవాడును, కెమెరాబండిని పట్టాలపై త్రోసినవాడును ఆ పటమున చోటునకు నోచుకొనరు. దీనిని అన్యాయమని నిందించుట నా యుద్దేశము కాదు. కంటికి కనిపించు కార్యమునే కీర్తి వరించుట లోకసహజము. అయినను, లోకమున కలుగు మేలులో చాలభాగము కీడు జరుగకుండ ఆపుటచేతనే సిద్ధించుచున్నదనియు, అట్లాపువానికి లోకపు కొలబద్ద చాలదు గనుక అతడు తన కొలబద్దను తానే నిర్మించుకొనవలసియున్నదనియు చెప్పుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

బంతియాటలలో ఈ సంగతి స్పష్టముగా గోచరించును. గోల్ చేసినవానిని భుజములపై మోయుదురు; గోల్ కాకుండ ఆపినవాడు చెమట తుడుచుకొని తన చోటికి తాను పోవును. ఉత్తర అమెరికాలోను ఐరోపాలోను మంచుపై ఆడు హాకీయందు ఒక్కొక్క జట్టునకు గోల్‌కీపరు గాక ఐదుగురు బరిలో నుందురు. వారిలో ఇరువురు సాధారణముగా డిఫెండర్లు. ప్రత్యర్థి బలముకొలది కొట్టిన గట్టి రబ్బరుబిళ్లకు తమ దేహమునే అడ్డుపెట్టుట వారికి నిత్యకృత్యము. వారిలో అగ్రశ్రేణి జట్టునకు ఒకనాడు పిలువబడి, కొలదిదినములలోనే రెండవ శ్రేణికి మరల పంపబడి, ఊళ్లు మార్చుచు, చొక్కాలు మార్చుచు యౌవనమంతయు ఆ వృత్తిలోనే గడపువారు ఎందరో కలరు. మంచు మన దక్కనుకు దూరమే కాని అట్టి మనుష్యుడు మనకు దూరము కాడు. హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రను తిరుగవేసినచో అతడు మనకు ఎదురుపడును.

ఆ చరిత్రకు మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిచే బడిపంతులైన ఆ మహాశయుడు తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుమారులు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచెను. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1951లో ఢిల్లీయందును 1962లో జకార్తాయందును ఆసియా క్రీడల స్వర్ణపతకమును పొంది, 1956 నాటి మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచెను. ఇంచుమించు ఆ కాలముననే కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ జట్టున వెంకటేష్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే అను ఐదుగురు ఫార్వర్డులను అభిమానులు ‘పంచపాండవులు’ అని కొనియాడిరి. ఆ బిరుదు నేటికిని చెవినపడుచునేయున్నది. వారి వెనుక నిలిచి గోల్‌ను కాచినవారి పేర్లు నేడెందరికి జ్ఞప్తియందున్నవి?

తరువాతి తరమున అట్టి వెనుకవరుసకు చెందినవాడే సయ్యద్ నయీముద్దీన్. 1944లో హైదరాబాదున జన్మించి, సిటీ పోలీసు ఫుట్‌బాల్ నీడలో ఎదిగి, పిదప కలకత్తా చేరి, ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ అను మూడు మహాసంఘములలోను ఆడిన డిఫెండరు ఆయన. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలయందు జపానును ఒక గోల్‌తో ఓడించి కాంస్యపతకము గెలిచిన భారతజట్టునకు ఆయనయే నాయకుడు. ఆ క్రీడలలో ఫుట్‌బాల్‌కై మన దేశము పొందిన పతకములలో ఇప్పటికి అదియే కడపటిది. ఆ సంవత్సరమే అర్జున పురస్కారము ఆయనను వరించెను. ఆయనకు పేరు దక్కినది. అదే వరుసలో నిలిచి, ఉద్యోగము చేసికొనుచు, మధ్యాహ్నపు టెండలో ఆడి, పేరు లేకయే విరమించినవారు పెక్కుమంది. ఇరువురిదియు ఒకటే విద్య గనుక, ఆ విద్యనుండి మనము నేర్వదగినవి ఏవో విచారింతము.

మొదటిది సంసిద్ధత. దాడి చేయువానికి స్వేచ్ఛ కలదు. తనకు వాటమైన కాలితో, తనకు నచ్చిన ప్రక్కనుండి, తాను కోరిన క్షణమున అతడు బంతిని కొట్టవచ్చును. అడ్డుకొనువానికి ఆ స్వేచ్ఛ లేదు. ఎదుటివాడు ఏ ప్రక్కకు వచ్చునో ఆ ప్రక్కనే అతడు సమాధానము చెప్పవలెను. రహీం తన శిష్యులచేత బలహీనమైన కాలితోనే పనిగట్టుకొని ఆడించెడివాడని ప్రసిద్ధి. ఇందలి వివేకము మైదానమునకే పరిమితము కాదు. మనకు చేతనైన పనిని మరల మరల చేసి మెప్పు పొందుట సుఖమే. కాని కష్టము మన బలమును వెదకికొనుచు రాదు, మన లోపమున్న ప్రక్కనుండియే వచ్చును. లెక్కలనిన జంకువాడు లెక్కలను, నలుగురిలో నోరు విప్పజాలనివాడు సంభాషణమును, కోపిష్ఠి సహనమును ప్రశాంతముగానున్న దినములలోనే అభ్యసింపవలెను. సరియైన చోట ముందుగా నిలిచినవానికి పరుగుతో పని తక్కువ. నేలపై జారి బంతిని తప్పించు సాహసమునకు చప్పట్లు మ్రోగును గాని, ఆ సాహసము పెక్కుమారులు ఆలస్యమునకు ప్రాయశ్చిత్తమే.

రెండవది తప్పు పట్ల సమబుద్ధి. పదిమారులు గురిచూచి తొమ్మిదిమారులు తప్పిన ఫార్వర్డు, పదవమారు గోల్ చేసినచో వీరుడగును. తొమ్మిదిమారులు ఆపి పదవమారు ఏమరిన డిఫెండరు దోషియగును. ఈ వ్యత్యాసమును చూచి వగచువాడు ఆ స్థానమున ఒక్క ఋతువైనను నిలువజాలడు. బంతి వలను తాకిన మరుక్షణమున ఆట మధ్యనుండి మరల ఆరంభమగును. అపుడు తలవంచుకొని తన తప్పును నెమరువేయువాడు రెండవ తప్పునకు ద్వారము తెరచుచున్నాడు. ఆట నడుచునంతసేపు తప్పును ప్రక్కకు నెట్టి, ఆట ముగిసిన పిదప దానిని నిర్దాక్షిణ్యముగా పరీక్షించుట అతని ధర్మము. మనలో పెక్కుమంది దీనికి విరుద్ధముగా ప్రవర్తింతుము: పనివేళ పశ్చాత్తాపముతో కాలము గడిపి, తీరిక దొరకినపుడు మరచిపోవుదుము.

మూడవది పరస్థలమున మెలగు నేర్పు. షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి యొకటి నేటికిని నిలిచియున్నది. గోలకొండకు వచ్చిపోవు వర్తకులును బాటసారులును అందు విడిది చేసెడివారు. సరాయిలో దిగినవాడు ఆ చోటి కట్టుబాట్లకు లోబడవలెను, తన సరకును మాత్రము తానే కాపాడుకొనవలెను. సంఘమునుండి సంఘమునకు మారు ఆటగాని కర్తవ్యమును ఇదియే. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ గెలిచిననాడు పులసచేపకును, మోహన్ బగాన్ గెలిచిననాడు రొయ్యలకును గిరాకి హెచ్చునని వాడుక. వంటింటి వరకు వ్యాపించిన అట్టి వైరము నడుమ, దక్కనునుండి పోయినవాడు నిన్నటి ప్రత్యర్థులతో నేడు భుజము కలిపి ఆడవలెను. చొక్కా మారినను విద్య మారదు. నిష్ఠ విద్యయందున్నవానికి చొక్కా మార్పు ద్రోహము కాదు. నేడు ఉద్యోగముల నిమిత్తము కంపెనీలు మారు యువకులు దీనిని గ్రహించుట మంచిది: క్రొత్తచోట పాతచోటి గొప్పలు చెప్పుకొనువాడును, పాతచోటిని తూలనాడువాడును సమానముగా అవిశ్వాసపాత్రులు.

నాలుగవది, అన్నిటికంటె కష్టమైనది, ఆత్మసాక్షిత్వము. జరుగని కీడునకు సాక్ష్యము చెప్పువారుండరు. ప్రమాదము కాకుండ యంత్రమును సకాలమున మరమ్మతు చేసినవాడు, కలహము పెరుగకుండ ఒక మాటను మ్రింగినవాడు, అచ్చునకు ముందే తప్పును దిద్దినవాడు తమ పనికి తామే సాక్షులు. కావున అట్టివారు వారమునకొకమారు, తాము ఏది జరుగకుండ ఆపితిమో చిన్న పుస్తకమున వ్రాసికొనుట మేలు. ఇందొక ప్రమాదమును కలదు: తాను లేకున్నను జరుగబోని కీడును తానే ఆపితినని భ్రమించుట. అందుచేత ఆ సాక్షి కఠినుడై యుండవలెను. నిజముగా ముప్పు వచ్చినదా, తన చేతనే తొలగినదా అని ప్రశ్నించిన పిమ్మటనే పద్దు వ్రాయవలెను. ఇట్లు వ్రాసికొన్నవానికి పరుల పొగడ్త లేకున్నను నీరసము కలుగదు, పొగడ్త వచ్చినను మత్తు కలుగదు.

వెనుక నిలుచువానికి ఒక భాగ్యము కలదు: ఆట యంతయు అతని కన్నుల యెదుటనే జరుగును. అందువలన అతడు ఇతరులకు బోధింపగల దృష్టిని సంపాదించుకొనును. నయీముద్దీన్ శిక్షకుడై 1990లో ఈస్ట్ బెంగాల్‌కు ఐ.ఎఫ్.ఎ. షీల్డు, డ్యూరాండ్, రోవర్స్ అను మూడు కప్పులను ఒకే యేట సాధించిపెట్టెను. ఆ సంవత్సరమే ద్రోణాచార్య పురస్కారము పొందెను. 1997లోను 2005లోను దక్షిణాసియా విజేతలైన భారతజట్లకు శిక్షకుడు ఆయనయే. అవసరము కలిగినచో వెనుకవాడు ముందుకును పోగలడు: 1962లో జకార్తా తుదిపోటీయందు, తలకు కుట్లుపడిన గాయముతోనున్న డిఫెండరు జర్నైల్ సింగును రహీం ముందువరుసన ఆడింపగా, దక్షిణ కొరియాపై భారతము చేసిన రెండు గోల్‌లలో ఒకటి అతనిదే అయ్యెను.

కావున, పాఠకుడా, నీ పేరు పటములకెక్కలేదని చింతింపకుము. నీవు నిలిచిన చోటు ఏదో స్పష్టముగా తెలిసికొనుము. నీ బలహీనమైన ప్రక్కను ముందుగా సాధన చేయుము. నేటి తప్పును రేపటి పనికి అడ్డురానీయకుము. నీవాపిన కీడులను నీవే లెక్కించుకొనుము. నీ యింట, నీ కార్యాలయమున నిశ్శబ్దముగా అడ్డుకొనుచున్నవాడు మరియొకడు కనబడినచో, గండము గడచిన పిదప గాక, అది రాకమునుపే అతనికి ఒక మంచిమాట చెప్పుము.