బానెట్‌కి చిల్లు ఎక్కడ పెట్టాలి?

ముందుగా ఒక తప్పు ఒప్పుకుంటాను. మా సీనియర్ అన్న ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ టర్బో పెట్రోల్ కారు ఉండేది. దాన్ని ట్యూన్ చేయించాడు. పవర్ పెరిగింది, దాంతోపాటు వేడీ పెరిగింది. "బానెట్ వెనక వైపు హింజ్‌ల కింద వాషర్లు పెట్టి ఒక అంగుళం లేపు అన్నా, వేడి గాలి పైకే పోతుంది కదా" అని సలహా ఇచ్చింది నేనే. ఆ సాయంత్రం సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అద్దం ముందు నుంచి సెగ లేవడం చూసి ఇద్దరం తెగ మురిసిపోయాం. వారం తిరక్కుండానే హైవే మీద టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత తాకింది, హెడ్ గాస్కెట్ పోయింది.

దానికి నా వాషర్లే కారణం అని చెప్పలేను. ఇంజిన్‌లో పాత లోపాలు కూడా ఉన్నాయి. కానీ ఆ వాషర్లు కొంచెం కూడా సాయం చేయలేదని తర్వాత కొలిచి తెలుసుకున్నాం. అన్న నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది. మీలో ఎవరైనా గ్రైండర్ పట్టుకుని బానెట్ మీద గీత గీసే ముందు ఇది చదవాలని రాస్తున్నాను.

గది, కిటికీ, వెనక తలుపు

మన హాస్టల్ గదిలో కిటికీ ఎంత బార్లా తెరిచినా తలుపు వేసి ఉంటే గాలి ఆడదు. తలుపు తీయగానే కాగితాలు ఎగురుతాయి. కిటికీ సైజు మారలేదు, గాలికి బయటికి పోయే దారి దొరికింది, అంతే.

కారు ముందు భాగం కూడా అలాంటి గదే. గ్రిల్ కిటికీ. దాని వెనక రేడియేటర్, ఆ వెనక ఇంజిన్, గొట్టాలు, వైర్లు. లోపలికొచ్చిన గాలి ఇంజిన్ చుట్టూ ఇరుకు సందుల్లోంచి కారు కిందికి పోవాలి. పోవడం కష్టమైతే బానెట్ కింద పీడనం పెరుగుతుంది. రేడియేటర్‌లోంచి గాలి వెళ్లాలంటే దాని ముందు పీడనం ఎక్కువ, వెనక పీడనం తక్కువ ఉండాలి. వెనక కూడా పెరిగితే గాలి రేడియేటర్‌ని తప్పించుకుని పక్కలకి పోతుంది. అంటే బానెట్ వెంట్ అసలు పని చల్ల గాలి లోపలికి తేవడం కాదు, వెనక తలుపు తీయడం.

ఇక్కడ స్కూప్‌కీ వెంట్‌కీ తేడా గుర్తు పెట్టుకోండి. సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ బానెట్ మీద ముందుకి నోరు తెరిచి ఉండేది స్కూప్. అది ఇంజిన్ మీదున్న ఇంటర్‌కూలర్‌కి గాలి అందిస్తుంది. 2022లో వచ్చిన హోండా సివిక్ టైప్ ఆర్ బానెట్ మీద ఉన్నది వెంట్. రేడియేటర్ దాటిన గాలి అందులోంచి బయటికి పోతుంది. చూడ్డానికి రెండూ చిల్లులే, పనులు మాత్రం పూర్తిగా వేరు.

"వేడి గాలి పైకి పోతుంది" ఎంత నిజం?

నిజమే, కానీ ఎంత బలంతో? లెక్క వేద్దాం. 35 డిగ్రీల గాలి సాంద్రత ఘనపు మీటరుకి సుమారు 1.15 కిలోలు, 80 డిగ్రీల గాలిది సుమారు 1 కిలో. ఇంజిన్ బే ఎత్తు అర మీటరు అనుకుందాం. సాంద్రతల తేడాని 9.8తో, ఎత్తుతో గుణిస్తే వేడి గాలిని పైకి తోసే పీడనం వస్తుంది.

0.15 × 9.8 × 0.5 = సుమారు 0.7 పాస్కల్స్.

ఇప్పుడు కారు గంటకి 100 కి.మీ. వేగంతో, అంటే సెకనుకి 27.8 మీటర్ల వేగంతో వెళ్తోంది. ఎదురు గాలి డైనమిక్ పీడనం:

½ × 1.15 × 27.8² = సుమారు 440 పాస్కల్స్.

ఒకవైపు 0.7, ఇంకోవైపు 440. దాదాపు 600 రెట్లు. 30 కి.మీ. వేగంలో కూడా సుమారు 40 పాస్కల్స్ వస్తుంది. కారు కదులుతున్నంతసేపూ గాలి ఎటు పోవాలో నిర్ణయించేది వేడి కాదు, బానెట్ మీద ఏ చోట ఎంత పీడనం ఉందనేది. సిగ్నల్ దగ్గర మేం చూసిన సెగ నిజమే. కానీ కారు ఆగి ఉన్నప్పుడు మాత్రమే నిజం.

ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ?

గాలి కారు ముక్కుకి గుద్దుకున్న చోట పీడనం అన్నిటికంటే ఎక్కువ. అక్కణ్ణుంచి బానెట్ ముందు అంచు మీదుగా వంపు తిరిగేటప్పుడు వేగం పుంజుకుంటుంది, పీడనం బయటి గాలి కంటే తగ్గిపోతుంది. వెనక్కి వచ్చేకొద్దీ మళ్లీ పెరుగుతుంది. విండ్‌షీల్డ్ మొదట్లో గాలి అద్దానికి అడ్డుపడి నెమ్మదిస్తుంది, అక్కడ పీడనం బయటి కంటే ఎక్కువ.

ఈ మాటకి సాక్ష్యం మీ ఇంటి కారులోనే ఉంది. క్యాబిన్‌కి తాజా గాలి తీసుకునే జాలీ చాలా కార్లలో ఎక్కడుంటుంది? వైపర్ల కింద, అద్దం మొదట్లో. గాలి తనంతట తానే లోపలికి తోసుకొస్తుంది కాబట్టే అక్కడ పెడతారు. 1969 షెవర్లే కమారోకి కౌల్ ఇండక్షన్ అనే బానెట్ దొరికేది. దాని ఉబ్బు వెనక వైపు, అద్దం కేసి తెరుచుకుంటుంది. ఇంజిన్‌కి గాలి పీల్చుకోవడానికి అది దారి. అంటే కమారో గాలి తీసుకునే చోటులోంచే నేను గాలిని బయటికి పంపుదామనుకున్నాను! పైగా అక్కడ బయటికొచ్చిన వేడీ, వాసనలూ నేరుగా ఏసీ జాలీలోకి పోతాయి.

కాబట్టి వెంట్‌కి సాధారణంగా మంచి చోటు బానెట్ ముందు సగంలో, రేడియేటర్‌కి కొంచెం వెనక. లూవర్ల నోరు వెనక్కి ఉండాలి. చిల్లు ముందు అంచున ఒక చిన్న నిలువు పెదవి పెడితే గాలి దాని మీంచి ఎగిరి, వెనక పీడనం ఇంకాస్త తగ్గుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. కారు కిందికి పోయే గాలి తగ్గితే ముందు చక్రాల మీద లిఫ్ట్ తగ్గుతుంది.

ఎంత లాభం? ఉదాహరణకి రేడియేటర్ ముందు 400, వెనక 200 పాస్కల్స్ అనుకోండి. తేడా 200. వెంట్ వల్ల వెనక పీడనం 100కి దిగితే తేడా 300. గాలి ప్రవాహం సుమారుగా తేడా వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది, కాబట్టి తేడా 50 శాతం పెరిగితే గాలి 22 శాతం దాకా పెరుగుతుంది. తక్కువేం కాదు, అలాగని అద్భుతమూ కాదు.

మేస్త్రీ పైపుతో కొలవడం

ప్రతి కారు వంపూ వేరు, అందుకే కోసే ముందు కొలవాలి. మేస్త్రీలు లెవెల్ చూసే పారదర్శకమైన పైపు తెచ్చుకోండి. క్యాబిన్‌లో ఒక అట్ట మీద దాన్ని యు ఆకారంలో అంటించి, సగం దాకా రంగు నీళ్లు పోయండి. ఒక కొస కిటికీ సందులోంచి బానెట్ పైన మీరు అనుకున్న చోటికి, ఇంకో కొస సరిగ్గా దాని కిందికి, బానెట్ లోపలికి. ఫ్యాన్‌కీ టర్బోకీ తగలకుండా టేపు గట్టిగా వేయాలి. పైన ఉన్న కొసని టేపుతో మూసి, కాస్త వెనక పక్కగా సూదితో చిల్లు పెట్టండి. నోరు గాలికి ఎదురుగా ఉంటే కొలత తప్పొస్తుంది.

ఖాళీ రోడ్డు మీద 60 దగ్గర వేగం స్థిరంగా ఉంచాలి. నీళ్లు చూసేది పక్క సీట్లో వాళ్లు, డ్రైవర్ కాదు. 1 మి.మీ. నీటి తేడా అంటే సుమారు 10 పాస్కల్స్. పై కొస ఉన్న వైపు నీళ్లు ఎక్కితే అక్కడ పీడనం తక్కువ, గాలి బయటికి పోతుంది. దిగితే అక్కడ చిల్లు పెట్టడం దండగ.

మేం అన్న కారు మీద చేసినప్పుడు బానెట్ ముందు భాగంలో నీళ్లు ఎక్కాయి. అద్దం మొదట్లో పెట్టేసరికి దిగిపోయాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

గ్రైండర్ తీసే ముందు

కూలెంట్, థర్మోస్టాట్, రేడియేటర్ మూత, ఫ్యాన్ సరిగ్గా ఉన్నాయో లేదో ముందు చూడండి. రేడియేటర్ పక్క సందుల్ని ఫోమ్‌తో మూయండి. చాలాసార్లు చౌకగా అయ్యే బాగు ఇదే. ట్రాఫిక్‌లో మాత్రమే వేడెక్కుతుంటే ముందు ఫ్యాన్‌ని అనుమానించండి. వెంట్ కింద కాయిల్స్, ఆల్టర్నేటర్ ఉంటే వాన నీళ్లకి ట్రే కావాలి. బానెట్ లోపలి ఫ్రేమ్ పట్టీలని, లాక్ ఉండే చోటునీ కోయొద్దు. బానెట్ నలిగే తీరు మీద ఎదురొచ్చిన మనిషి ప్రాణం కూడా ఆధారపడి ఉంటుంది. రోడ్డు మీద తిరిగే కారైతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పుల గురించి ఏం చెబుతోందో చదవండి.

అన్న కారుకి గాస్కెట్ మార్చాం, వాషర్లు తీసేశాం, రేడియేటర్ చుట్టూ ఫోమ్ పెట్టాం. బానెట్ ఇంకా కోయలేదు. ముందు భాగంలో మార్కర్‌తో గీసిన ఒక పెట్టె మాత్రం ఉంది. ఈసారి కొలిచాకే గీశాం.