కల్లు మడ్డిలో డి.ఎన్.ఏ.

గోదావరిఖని చుట్టుపక్కల ఊళ్లలో కల్లు సంగతి తెలియనివారుండరు. లొట్టి అడుగున మిగిలే తెల్లని మడ్డిని మాత్రం పారబోస్తాం. ఆ మడ్డిలో ఉండేది ఈస్టు. ఏకకణ జీవి అయినా, మన కణాలకున్నట్లే దానికీ కేంద్రకముంది, అందులో డి.ఎన్.ఏ. ఉంది. ప్రాజెక్టుకు నేను దాన్నే ఎంచుకున్నాను. "చదువుకు పోతున్నవా, కల్లు సీసతోని పోతున్నవా?" అని బాపు నవ్విండు.

1869లో మీషర్ అనే స్విస్ శాస్త్రజ్ఞుడు ఆస్పత్రి కట్ల మీది చీము కణాల నుంచి ఈ పదార్థాన్ని మొదట వేరుచేశాడు. చీము కణాలకు లేని గట్టి కవచం ఈస్టుకుంది. దాన్ని కరిగించే ఎంజైము ఖరీదైనది కనుక సన్నని గాజుపూసలు వేసి ఊపుతాం. మరీ ఊపితే డి.ఎన్.ఏ. పోగులే తెగుతాయి. ఎస్.డి.ఎస్. అనే డిటర్జెంటు లోపలి పొరలను కరిగిస్తుంది. తర్వాత ఫినాల్, క్లోరోఫాం కలిపి సెంట్రిఫ్యూజులో తిప్పితే డి.ఎన్.ఏ. ఉన్న నీరు పైకి, ఫినాల్ కిందికి పోయి, నడుమ మీగడలాగా ప్రోటీను పొర కడుతుంది. (ఫినాల్ చర్మాన్ని కాలుస్తుంది, తొడుగులు లేకుండా ముట్టొద్దు.) పైనీటిని మాత్రమే తీసి, ఉప్పు కలిపి, చల్లని ఆల్కహాలు రెండింతలు పోస్తే తెల్లని పోగులు కనబడతాయి.

కనబడగానే గంతేశాను. తొందరపడ్డాను. అతినీలలోహిత కాంతిని 260, 280 నానోమీటర్ల దగ్గర అది ఎంత పీల్చుకుంటుందో కొలిస్తే, ఆ రెండింటి నిష్పత్తి 1.8 దరిదాపుల్లో ఉండాలి. నాకు 1.4 వచ్చింది. ఆఖరి బొట్టు కూడా వదలొద్దనే ఆశతో నడిమి పొరను పీల్చాను మరి. కల్లంలో ఆఖరి గింజల కోసం మరీ ఊడిస్తే మట్టి కూడా బస్తాలకు వస్తదని బాపు ఎన్నిసార్లు చెప్పలేదు!

రెండోసారి పైనీరు కొంత వదిలేశాను. ఈస్టులో డి.ఎన్.ఏ. కన్నా ఆర్.ఎన్.ఏ.యే ఎక్కువ, అది కూడా 260 దగ్గరే కాంతిని పీల్చుతుంది. అందుకని ఆర్.ఎన్.ఏ.ను కోసే ఎంజైము కూడా వేశాను. ఈసారి 1.8 వచ్చింది.

సార్ చూసి, "బాగుంది. ఎవరి డి.ఎన్.ఏ. ఇది?" అన్నారు.

నోట మాట రాలేదు. కల్లులో ఈస్టు ఒక్కటే కాదు, పులుపు పుట్టించే బాక్టీరియాలూ ఉంటాయి. ఆల్కహాలు పోస్తే అందరి డి.ఎన్.ఏ. కలిసే పోగవుతుంది. 1.8 అంటే ప్రోటీను పెద్దగా లేదని అర్థం, అంతే. ఏ జీవిదో ఆ అంకె చెప్పదు.

మడ్డిని అగార్ ప్లేటు మీద గీసి ఉంచాను. విడివిడిగా తెల్లని చుక్కలు లేచాయి. ఒకదాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే మొగ్గలు తొడిగిన ఈస్టు కణాలే కనిపించాయి. ఆ ఒక్క చుక్కనే పోషక ద్రవంలో పెంచుతున్నాను. అది చిక్కబడ్డాక మళ్లీ గాజుపూసల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.